ఇంట్లో ఎలక్ట్రానిక్స్ బెంచి: తక్కువ బడ్జెట్‌లో ముందు ఏవి కొనాలి?

బ్రెడ్‌బోర్డ్88

అందరికీ నమస్కారం. హాబీగా ఎలక్ట్రానిక్స్ చేసుకోవడానికి ఇంట్లో ఒక బల్ల సిద్ధం చేసుకుంటున్నాను. చేయాలనుకున్న పనులు ఇవి: ఈఎస్‌పీ32, ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డులతో సెన్సర్ ప్రాజెక్టులు, చిన్న ఆడియో ఆంప్లిఫయర్లు, అప్పుడప్పుడు చెడిపోయిన అడాప్టర్లు, ఎల్ఈడీ బల్బుల రిపేరు.

ఇప్పుడు చేతిలో ఉన్నవి: 25 వాట్ల మామూలు సోల్డరింగ్ ఐరన్, బాగా చవక రకం మల్టీమీటర్, 19 వోల్టుల 3.42 ఆంపుల లాప్‌టాప్ అడాప్టర్ (మూడు పిన్నుల ప్లగ్గు), పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా).

ఆసిలోస్కోప్ (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) కొంటే బడ్జెట్ దాదాపు దానికే సరిపోతుంది. అది మొదట్లోనే కావాలా? పవర్ సప్లైకి ఆ ఎస్ఎంపీఎస్‌తో సర్దుకోవచ్చా? ఎక్కడ చవకకు పోకూడదు, ఎక్కడ పోయినా పరవాలేదు? విడిభాగాలు కిట్‌గా తీసుకోవాలా, విడివిడిగానా?

---

పాత_ట్రాన్సిస్టర్

నా లెక్కలో వరుస ఇది: కరెంటు లిమిట్ ఉన్న పవర్ సప్లై, వేడి అదుపులో ఉండే ఐరన్, నమ్మదగ్గ మీటర్, తర్వాత లాజిక్ ఎనలైజర్ (డిజిటల్ సిగ్నళ్లను చదివి చూపేది). స్కోప్ చివర్లో. కొత్తవాళ్ల బెంచి మీద భాగాలు కాలిపోవడానికి పెద్ద కారణం తప్పు వైరింగు. తప్పు వైరింగు జరగకుండా ఎవరూ ఆపలేరు, జరిగినప్పుడు నష్టం తగ్గించేది మాత్రం కరెంటు లిమిట్ ఒక్కటే. అందుకే దాన్ని మొదట పెట్టాను.

కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌ను బెంచి సప్లైగా మొదట్లో వాడకండి. పచ్చ తీగను నల్ల తీగకు కలిపితే ఆన్ అవుతుంది, 12, 5, 3.3 వోల్టులు వస్తాయి, అంతవరకు బాగానే ఉంటుంది. కానీ 5 వోల్టుల లైను 20 ఆంపులు అలవోకగా ఇచ్చేస్తుంది. బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే బోర్డు) మీద చిన్న షార్ట్ పడితే అది షార్ట్ అని ఎస్ఎంపీఎస్‌కు తెలియనే తెలియదు, ఏదో పెద్ద లోడు అనుకుని ఇస్తూనే ఉంటుంది. ఈలోగా జంపర్ తీగ ఇన్సులేషన్ కరిగి బోర్డుకు అంటుకుపోతుంది. మధ్యలో రీసెట్ అయ్యే పాలీఫ్యూజ్ పెడితే తీగలు బతుకుతాయి, ఐసీ బతకదు. పాలీఫ్యూజ్ వేడెక్కి తెగడానికి సెకన్లు పడుతుంది, సిలికాన్ పోవడానికి అంత సమయం అక్కర్లేదు.

కరెంటు లిమిట్ ఉన్న సప్లై వాడే పద్ధతి: ముందు వోల్టేజీ సెట్ చేయండి. తర్వాత అవుట్‌పుట్ రెండు కొసలు షార్ట్ చేసి, లిమిట్‌ను మీ సర్క్యూట్ లాగాల్సిన దానికంటే కొంచెం పైన పెట్టండి. ఉత్త 555 టైమర్ సర్క్యూట్‌కు 50 మిల్లీఆంపులు చాలు. షార్ట్ తీసేసి అప్పుడు సర్క్యూట్ కలపండి. కలపగానే వోల్టేజీ కింద పడిపోయిందంటే ఎక్కడో తప్పుంది, వెంటనే పీకేయండి. ఒక్క జాగ్రత్త: సప్లై లోపల అవుట్‌పుట్ కెపాసిటర్‌లో అప్పటికే నిండి ఉన్న చార్జి ఏ లిమిట్‌కూ లొంగదు. 12 వోల్టుల దగ్గర ఉన్న సప్లైకి రెసిస్టర్ లేకుండా ఎల్ఈడీ తగిలిస్తే, లిమిట్ 20 మిల్లీఆంపుల మీద ఉన్నా ఆ మొదటి దెబ్బకే పోవచ్చు.

---

ఫ్లక్స్_పొగ

ఐరన్ సంగతి నేను చెప్తాను.

25 వాట్ల ఐరన్‌తో ఇబ్బంది వాట్లు తక్కువ కావడం ఒక్కటే కాదు, అదుపు లేకపోవడం. స్టాండు మీద ఊరికే ఉన్నప్పుడు బిట్ (ఐరన్ కొస) 400 డిగ్రీలు దాటిపోతుంది, ఫ్లక్స్ (సోల్డర్ సరిగ్గా అంటుకోవడానికి వాడేది) మాడి బిట్ నల్లబడుతుంది. అదే బిట్‌ను వెడల్పాటి గ్రౌండ్ రాగి మీద ఆనిస్తే వేడంతా రాగి లాగేసుకుని చల్లారుతుంది, సోల్డర్ ముద్ద కడుతుంది. పని లేనప్పుడు ఎక్కువ వేడి, పని ఉన్నప్పుడు తక్కువ వేడి. సరిగ్గా తలకిందులు.

మీ దగ్గర 19 వోల్టుల అడాప్టర్ ఉంది కాబట్టి టీ12 రకం బిట్ పట్టే కంట్రోలరు, హ్యాండిలు తీసుకోండి. ఆ బిట్లలో హీటరు, ఉష్ణోగ్రత సెన్సరు రెండూ కొసకు దగ్గరగా లోపలే ఉంటాయి, అందుకే వేడి తగ్గగానే వెంటనే అందుకుంటుంది. హీటరు నిరోధం సుమారు 8 ఓములు. 24 వోల్టుల దగ్గర 72 వాట్లు, మీ 19 వోల్టుల దగ్గర 45 వాట్లు వస్తాయి, లాగేది 2.4 ఆంపులు. హాబీ బోర్డులకు 45 చాలు. మల్టీలేయర్ బోర్డు గ్రౌండ్ పిన్నుల దగ్గర మాత్రం కాస్త ఆగాల్సి వస్తుంది. హ్యాండిలు నుంచి వచ్చే ఎర్త్ తీగను వదిలేయకుండా అడాప్టర్ ఎర్త్‌కు కలపండి. లేకపోతే అడాప్టర్ లీకేజీ బిట్ మీదకు వచ్చి మాస్‌ఫెట్ (స్విచ్చిలా పనిచేసే ట్రాన్సిస్టర్) గేట్లను చంపుతుంది.

సన్న సూది బిట్ చూడటానికి బాగుంటుంది, పనికి బాగోదు. ఆనే చోటు తక్కువ కాబట్టి వేడి దిగదు. 2.4 మిల్లీమీటర్ల చిసెల్ బిట్‌తో త్రూ-హోల్ (రంధ్రంలో కాళ్లు దూర్చే భాగాలు) నుంచి 0805 సైజు ఎస్ఎండీ (బోర్డు పైనే అతికే చిన్న భాగాలు) దాకా చేసుకోవచ్చు. బిట్‌ను గరుకు కాగితంతో రుద్దకండి. లోపల రాగి, పైన ఇనుప పూత. పూత పోయిందంటే సోల్డరే రాగిని తినేస్తుంది, కొస గుంట పడుతుంది. తుడవడానికి ఇత్తడి పీచు వాడండి, స్విచ్చి ఆపే ముందు బిట్‌కు కొత్త సోల్డర్ పూసి ఆపండి.

చవకకు పోకూడని ఇంకో వస్తువు సోల్డర్ తీగ. 63/37 (63 శాతం తగరం, 37 శాతం సీసం), రోజిన్ కోర్, 0.8 మిల్లీమీటర్లు. ఈ మిశ్రమం 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది. పేరు మాత్రం 63/37 అని రాసి తగరం తక్కువ కలిపిన తీగైతే, గట్టిపడే ముందు కొన్ని క్షణాలు మెత్తటి ముద్దలా ఉంటుంది, ఆ సమయంలో చెయ్యి కదిలితే కీలు బూడిద రంగులో గరుగ్గా వస్తుంది. చుట్ట కొనగానే ఒక బొట్టు కరిగించి చూస్తే తెలిసిపోతుంది. ఐరన్‌ను 330 డిగ్రీల దగ్గర పెట్టండి, ప్యాడ్‌కూ కాలుకూ కలిపి బిట్ ఆనించి, సోల్డర్‌ను బిట్‌కు కాకుండా కీలుకు అందించండి. రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. అవ్వలేదంటే వేడి పెంచకండి, బిట్ శుభ్రం చేసి కాస్త ఫ్లక్స్ వేయండి. ఫ్లక్స్ రోజిన్ జెల్‌దే కొనండి. పైపుల పనికి వాడే ఆసిడ్ పేస్టు బోర్డు మీద మిగిలిపోయి రాగిని పచ్చగా తినేస్తుంది.

పైకి వచ్చే పొగ సీసం కాదు, రోజిన్. అయినా ఊపిరికి మంచిది కాదు, చిన్న ఫ్యాన్ పెట్టి పక్కకు లాగండి. సీసం వెళ్లేది చేతుల నుంచి నోటికి, కాబట్టి బల్ల మీద తిండి వద్దు, లేచాక చేతులు కడుక్కోవాలి.

---

మిల్లీఓమ్

మీటర్ విషయం. ఉన్న చవక మీటర్‌ను పారేయకండి, రెండో మీటర్‌గా రోజూ పనికొస్తుంది. ఒకటి వోల్టేజీ చూస్తుంటే ఇంకొకటి కరెంటు చూస్తుంది. కానీ దాన్ని మెయిన్స్ మీద పెట్టకండి. ఆ తరగతి మీటర్లలో చాలావాటికి 10 ఆంపుల సాకెట్‌కు ఫ్యూజే ఉండదు. ఎర్ర తీగ ఆ సాకెట్‌లో మర్చిపోయి మెయిన్స్ వోల్టేజీ చూశారంటే మీ చేతిలో ఉన్నది మీటర్ కాదు, షార్ట్ సర్క్యూట్. కొత్తది కొనేటప్పుడు వెనక మూత తీసి చూడండి. గాజు ఫ్యూజు కాకుండా ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజులు రెండు సాకెట్లకూ ఉండాలి. మెయిన్స్ పనికి కనీసం క్యాట్ 3 (మీటర్ భద్రతా తరగతి), 600 వోల్టులు. అంకెలు ఎన్ని చూపిస్తుంది అన్నది దాని తర్వాతే.

కరెంటు కొలిచేటప్పుడు ఎక్కువమంది తికమక పడేది ఒకటుంది. 200 మిల్లీఆంపుల రేంజిలో చవక మీటర్ లోపల 1 ఓమ్ షంట్ (కరెంటును కొలిచే చిన్న రెసిస్టరు) ఉంటుంది, ఫ్యూజు, తీగల నిరోధం దానికి అదనం. ఈఎస్‌పీ32 వైఫై పంపే క్షణంలో 200 మిల్లీఆంపులు దాటుతుంది. అంటే 3.3 వోల్టుల లైనులో 0.2, 0.3 వోల్టులు మీటర్ దగ్గరే పోతాయి, బోర్డు బ్రౌన్‌అవుట్ అయి (వోల్టేజీ చాలక) రీసెట్ అవుతూ ఉంటుంది. మీటర్ తీసేస్తే బాగా పనిచేస్తుంది. కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చోవద్దు, 10 ఆంపుల రేంజికి మార్చండి, అక్కడ షంట్ సుమారు 0.01 ఓమే.

ఇంకొకటి, బ్యాటరీ దిగిపోయిన చవక మీటర్ వోల్టేజీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టీఎల్431 ఒకటి తీసుకుని రిఫరెన్సు పిన్ను, కేథోడ్ కలిపి, 5 వోల్టుల నుంచి 1 కిలోఓమ్ ద్వారా కరెంటు ఇస్తే 2.495 వోల్టులు నిలకడగా వస్తాయి. గ్రేడును బట్టి అర శాతం నుంచి రెండు శాతం లోపు తేడా. డబ్బీలో అది ఒకటి సిద్ధంగా ఉంచుకుంటే మీటర్ మీద అనుమానం వచ్చినప్పుడల్లా నిమిషంలో తేల్చుకోవచ్చు.

స్కోప్ గురించి పాత_ట్రాన్సిస్టర్ గారితో సగమే ఏకీభవిస్తాను. సెన్సర్ ప్రాజెక్టులకు 8 చానళ్ల 24 మెగాహెర్ట్జ్ యూఎస్‌బీ లాజిక్ ఎనలైజర్, దానికి ఉచితంగా దొరికే పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేరు చాలావరకు సరిపోతాయి. యూఆర్టీ, ఐ2సీ, ఎస్‌పీఐ (చిప్‌లు మాట్లాడుకునే పద్ధతులు) బైట్లు విప్పి చూపిస్తుంది. 5 వోల్టులు మించకుండా చూసుకోండి. కానీ దానికి తెలిసింది ఒకటి, సున్నా మాత్రమే. ఉదాహరణకు ఐ2సీ లైను మీద 10 కిలోఓముల పుల్-అప్ (లైనును పైకి లాగే రెసిస్టరు), తీగలతో కలిపి 100 పికోఫారడ్‌లు ఉన్నాయనుకోండి. సిగ్నల్ పైకి లేవడానికి 0.85 మైక్రోసెకన్లు పడుతుంది. 100 కిలోహెర్ట్జ్‌కు అనుమతి 1 మైక్రోసెకను కాబట్టి నడుస్తుంది. 400 కిలోహెర్ట్జ్‌కు అనుమతి 0.3 మాత్రమే, అక్కడ అప్పుడప్పుడు తప్పుతుంది. ఎనలైజర్‌లో కనిపించేది "నాక్" (జవాబు రాలేదు) అన్న మాటే. స్కోప్‌లో అయితే నిలువుగా ఉండాల్సిన అంచు వాలుగా కనిపిస్తుంది, 2.2 కిలోఓములు పెట్టగానే 0.19కి దిగుతుంది.

ఆడియోకు మాత్రం స్కోప్ లాంటిది ఏదో ఒకటి కావాలి. డీఎస్ఓ138 లాంటి కిట్ బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్ మాత్రమే, సెకనుకు 10 లక్షల శాంపిళ్లు. ఆడియో క్లిప్పింగు, సప్లై రిపుల్ చూడటానికి సరిపోతుంది, డిజిటల్ పనికి సరిపోదు. ఆంప్లిఫయర్ తనంతట తానే మెగాహెర్ట్జ్‌లో ఊగుతుంటే దానికి అది కనిపించదు, ఐసీ ఊరికే కాలుతున్నట్టు ఉంటుంది. కంప్యూటర్ లైన్-ఇన్‌ను కూడా వాడుకోవచ్చు, ముందు పదోవంతుకు తగ్గించే డివైడరు, ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు పెట్టాకే. 20 కిలోహెర్ట్జ్ దాటి, డీసీ కూడా, చూడలేరు. డబ్బు కూడాక కొంటే 50 మెగాహెర్ట్జ్ రెండు చానళ్ల డిజిటల్ స్కోప్ కొనండి, ప్రోబ్ ఎప్పుడూ 10ఎక్స్ (సిగ్నల్‌ను పదోవంతుకు తగ్గించే సెట్టింగు) మీదే ఉంచండి. 1ఎక్స్‌లో బ్యాండ్‌విడ్త్ 6 మెగాహెర్ట్జ్ దగ్గరికి పడిపోతుంది, పైగా సర్క్యూట్ మీద సుమారు 100 పికోఫారడ్‌ల బరువు పడుతుంది.

---

బ్రెడ్‌బోర్డ్88

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. స్కోప్ ఆపేస్తున్నాను. సప్లై విషయంలో ఇంకో సందేహం: ఎక్స్ఎల్4015 (వోల్టేజీ తగ్గించే రెడీమేడ్ బోర్డు) మాడ్యూల్‌లో వోల్టేజీకి, కరెంటుకు వేర్వేరు ట్రిమ్మర్లు ఉంటాయి కదా. లాప్‌టాప్ అడాప్టర్ వెనక అది పెడితే మీరు చెప్పిన సప్లై అయిపోతుందా? లేక ఎల్ఎం317 అనే వోల్టేజీ రెగ్యులేటర్ ఐసీతో కట్టుకోవాలా?

---

పాత_ట్రాన్సిస్టర్

అవుతుంది, కానీ ఒక మెలిక ఉంది, అది తెలియకుండా వాడితే లిమిట్ ఉందనుకుని మోసపోతారు. ఆ మాడ్యూళ్లలో కరెంటును కొలిచే షంట్ రెసిస్టరు ఇన్‌పుట్ మైనస్‌కూ అవుట్‌పుట్ మైనస్‌కూ మధ్యలో ఉంటుంది. రెండు మైనస్‌లూ ఒకటి కావు. మీ అడాప్టర్ మూడు పిన్నులది. అలాంటి చాలా అడాప్టర్లలో డీసీ మైనస్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. రేపు స్కోప్ కొని దాని గ్రౌండ్ క్లిప్ సర్క్యూట్‌కు తగిలిస్తే, క్లిప్ కూడా ఎర్తే కాబట్టి, కరెంటు షంట్‌ను వదిలేసి ఎర్త్ తీగ మీదుగా తిరిగి వెళ్లిపోతుంది. మాడ్యూల్‌కు కరెంటు వెళ్తున్నట్టే తెలియదు, లిమిట్ లేనట్టే. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు యూఎస్‌బీతో కలిపిన ఆర్డుయినో బోర్డుతోనూ ఇదే జరుగుతుంది. అడాప్టర్ మైనస్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య, ప్లగ్గు పీకి, కంటిన్యుటీ చూడండి. కలిసి ఉంటే ఈ మాడ్యూల్‌కు డబుల్ ఇన్సులేషన్ ఉన్న రెండు పిన్నుల అడాప్టర్ వాడండి.

ఆడియో కూడా చేస్తానన్నారు కాబట్టి నా ఓటు రెండు ఎల్ఎం317లకే. స్విచ్చింగ్ గోల ఉండదు, పైన చెప్పిన గ్రౌండ్ చిక్కూ ఉండదు, ఎందుకంటే మొదటిది ప్లస్ లైనులోనే కరెంటును ఆపుతుంది. మొదటి ఎల్ఎం317 ఇన్‌పుట్‌కు 19 వోల్టులు ఇచ్చి, అవుట్‌పుట్ పిన్ను నుంచి ఒక రెసిస్టరు, ఆ రెసిస్టరు రెండో కొసకు అడ్జస్ట్ పిన్ను కలపండి. ఆ కొస నుంచే రెండో ఎల్ఎం317 ఇన్‌పుట్‌కు వెళ్లండి. లిమిట్ అంటే 1.25ను రెసిస్టరుతో భాగించినది. 12 ఓములకు 104 మిల్లీఆంపులు, 2.7 ఓములకు 460, 1.2 ఓములకు సుమారు 1 ఆంపు. ఆఖరిది 1.3 వాట్లు కాలుతుంది, 3 వాట్లది వేయండి. మూడింటినీ రోటరీ స్విచ్చితో మార్చుకోవచ్చు.

రెండోది మామూలు వోల్టేజీ రెగ్యులేటరు: అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్‌కూ మధ్య 120 ఓములు, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలోఓమ్ పాట్ (తిప్పి నిరోధం మార్చే రెసిస్టరు). 1.25 నుంచి 11.7 వోల్టుల దాకా వస్తుంది. చాలా బొమ్మల్లో 240 ఓములు కనిపిస్తుంది, కానీ ఎల్ఎం317కు కనీస లోడు 10 మిల్లీఆంపుల దాకా కావాల్సి రావచ్చు. 120 ఓములు పెడితే ఆ లోడు అదే ఇస్తుంది, ఏమీ తగిలించనప్పుడు అవుట్‌పుట్ పైకి పాకదు. ఆ 10 మిల్లీఆంపులు లిమిట్‌లోంచే పోతాయి కాబట్టి 104 పెట్టినచోట మీకు చేరేది 94. పాట్‌లో ఖాళీగా మిగిలే కాలును మధ్య కాలుకు కలిపేయండి. అరిగిపోయి మధ్య కాలు అతుకు వదిలినా నిరోధం 1 కిలోఓమ్ దగ్గరే ఆగుతుంది, లేకపోతే అవుట్‌పుట్ ఇన్‌పుట్ దాకా ఎగబాకుతుంది.

రెండూ హీట్‌సింక్ మీద ఉండాలి. అవుట్‌పుట్ షార్ట్ అయినప్పుడు 460 మిల్లీఆంపుల దగ్గర 8 వాట్లు దాదాపు మొత్తం మొదటి దాని మీదే పడతాయి. హీట్‌సింక్ లేని టీఓ-220 (ఎల్ఎం317 వచ్చే ప్యాకేజీ) ఒకటి ఒకటిన్నర వాట్లకు మించి ఓర్చుకోదు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: ఎల్ఎం317 లోహపు వీపు గ్రౌండ్ కాదు, అవుట్‌పుట్. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు నేరుగా బిగిస్తే రెండు అవుట్‌పుట్లూ కలిసిపోయి లిమిట్ రెసిస్టరు తర్వాతి రెగ్యులేటరుకు అర్థమే ఉండదు, పాట్ తిప్పినా వోల్టేజీ మారదు. మైకా రేకు, ప్లాస్టిక్ బుష్ వేసి, మీటర్‌తో రెండు వీపుల మధ్య కంటిన్యుటీ లేదని చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. అవుట్‌పుట్ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్‌లు మించనివ్వకండి, కారణం పైన చెప్పిందే.

---

ఫ్లక్స్_పొగ

ఒక చిన్న సవరణ. ఐరనూ, ఈ సప్లయ్యీ ఒకే అడాప్టర్ మీద నడపకండి. 2.4 ఆంపులు, 1 ఆంపు కలిపితే 3.4, అడాప్టర్ హద్దు సరిగ్గా అక్కడే. పైగా ఐరన్ ఆగుతూ లాగుతూ ఉంటుంది, ఆ కుదుపు ఆంప్లిఫయర్‌లో టక్‌టక్‌మని వినిపిస్తుంది. ఇంకో పాత అడాప్టర్ చూసుకోండి.

---

మిల్లీఓమ్

విడిభాగాలు: రెసిస్టర్లు కిట్‌గా కొనండి, పావు వాట్ 1 శాతం మెటల్ ఫిల్మ్, అక్కడ మోసం తక్కువ. మిగతావి విడివిడిగా. వందేసి ట్రాన్సిస్టర్ రకాల డబ్బాలో మీకు కావాల్సినవి రెండే ఉంటాయి. 100 నానోఫారడ్ సిరామిక్‌లు వంద తీసుకోండి, ప్రతి ఐసీ సప్లై పిన్ను పక్కన ఒకటి. ఎలక్ట్రోలిటిక్‌లు 10, 100, 1000 మైక్రోఫారడ్‌లు పదేసి. బీసీ547, బీసీ557 ఇరవైయేసి. వీటి కాళ్ల వరుస 2ఎన్3904కు తలకిందులు, ఒకదాని బదులు ఒకటి పెట్టేటప్పుడు చూసుకోండి. 1ఎన్4148, 1ఎన్5819, ఎల్ఎం358, 555 కొన్ని. ఎల్ఎం358 అవుట్‌పుట్ ప్లస్ సప్లైకి ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది, 5 వోల్టుల మీద 5 రావట్లేదని ఐసీ మార్చకండి.

మాస్‌ఫెట్‌లో ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ కొనకండి. దాని నిరోధం 10 వోల్టుల గేటుకు చెప్పింది. ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3కు సగమే తెరుచుకుని కాలుతుంది. 5 వోల్టుల బోర్డులకు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్, 3.3కు ఏఓ3400.

బ్రెడ్‌బోర్డు 830 రంధ్రాలది రెండు చాలు. కొన్నిటిలో పక్కనుండే సప్లై పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, కొత్తది రాగానే మీటర్‌తో చూడండి. సన్న రెడీమేడ్ జంపర్లు 3.3 వోల్టుల సప్లైకి వద్దు, లోపల తీగ పోగులు చాలా తక్కువ ఉంటాయి. 0.6 మిల్లీమీటర్ల ఒంటి రాగి తీగ చుట్ట కొని కత్తిరించుకోండి.

---

పాత_ట్రాన్సిస్టర్

రిపేర్ల గురించి చెప్పకుండా వదలలేను. చవక ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లలో చాలావరకు ఐసొలేషన్ ఉండదు. ఎల్ఈడీ పలక దాకా అంతా మెయిన్సే, తాకితే కొడుతుంది. స్కోప్ గ్రౌండ్ క్లిప్ అక్కడ పెడితే ఎర్త్‌కు నేరుగా షార్ట్ అవుతుంది. వాటిని ప్లగ్గు పీకి, మీటర్‌తోనే చూడండి. బెంచి సాకెట్‌కు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు లీకేజీ అయితే సప్లై ఆపే స్విచ్చి) తప్పనిసరి.

రిపేరు చేసిన అడాప్టర్‌ను మొదటిసారి ఆన్ చేసేటప్పుడు లైవ్ తీగలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వరుసగా (సిరీస్‌లో) పెట్టండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఒక్కసారి వెలిగి ఆరిపోతే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఇంకా ఉంది. బల్బు ఉన్నంత మాత్రాన మెయిన్స్ నుంచి వేరుపడినట్టు కాదు, షాక్ మామూలుగానే కొడుతుంది.

230 వోల్టుల మెయిన్స్ మీద లోపలి పెద్ద కెపాసిటర్ 325 వోల్టుల దాకా నిండుతుంది, ప్లగ్గు పీకాక కూడా అలాగే ఉండిపోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 10 కిలోఓముల 5 వాట్ల రెసిస్టరుకు రెండు ఇన్సులేటెడ్ ప్రోబ్‌లు సోల్డర్ చేసి ఉంచుకోండి. 100 మైక్రోఫారడ్‌లకు ఐదు సెకన్లు పట్టుకుంటే 1 శాతం కూడా మిగలదు, పది పట్టుకోండి, ఆ తర్వాత మీటర్‌తో చూసి అప్పుడు చెయ్యి పెట్టండి. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం అసలు విప్పకండి. దాని ట్రాన్స్‌ఫార్మర్ 2000 వోల్టులు ఇస్తుంది, ప్రాణం తీసేంత కరెంటుతో సహా.